నబ్జ్ చూడొద్దన్న డాక్టరు దొర



యాగంటి, బనగానపల్లె పక్క ఊళ్ల నుంచి ఆపరేషన్ కోసం నంద్యాలకో కర్నూలుకో పోయే మన ఇళ్లల్లో ఒక గొడవ మామూలుగా వస్తుంటుంది. నాపరాయి గనుల్లో పనిచేసే చిచ్చాకు హెర్నియా అనో, ఖాలమ్మకు గర్భసంచి తీయాలనో పోతారు. అక్కడ డాక్టరు కత్తి పట్టకముందే ఈసీజీ తీయించమంటాడు. వయసు పైబడి ఉంటేనో, మెట్లెక్కితే ఆయాసమొస్తుందని నోరు జారితేనో టూడీ ఎకో కూడా రాస్తాడు. తర్వాత మత్తు డాక్టరు వచ్చి ఏమేం మాత్రలు మింగుతున్నావని అడుగుతాడు. "కడుపుకి ఆపరేషన్ అంటే గుండెకి ఫోటో ఏంది? పైసల కోసమే ఇదంతా" అని బయట బెంచీ మీద పెద్దలు మొదలుపెడతారు.

పైసల కోసం రాసే టెస్టులు లేవని నేను వకాలత్ చేయను. ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల కుర్రాడికి చిన్న ఆపరేషన్ అయితే ఎకో అక్కర్లేదని డాక్టర్లు రాసుకున్న మార్గదర్శకాలే చెబుతాయి. కానీ మత్తుకూ దిల్‌కూ రిష్తా ఏమిటన్న సవాల్ మాత్రం పైసల సవాల్ కాదు. దాని జవాబు కోసం డాక్టర్లు అరవై ఏళ్లకు పైగా కొట్లాడుకున్నారు. ఆ కొట్లాటలో అతి పెద్ద తజుర్బా జరిగింది లండన్‌లో కాదు, మన హైదరాబాద్‌లో. ఖర్చు పెట్టుకున్నది నిజాం. రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో 1897లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన సంగతి బడి పిల్లలకు కూడా తెలుసు. దానికి ఎనిమిదేళ్ల ముందరి ఈ కిస్సా మన ఇళ్లల్లో ఎవరికీ తెలీదు. మన కర్నూలు, నంద్యాల సీమకు హైదరాబాద్ పరాయిదేమీ కాదు. ఈ సీమలో చాలా భాగాన్ని 1800లో నిజాం కుంపిణీకి రాసిచ్చేదాకా అది ఆయన ఇలాకాయే. బనగానపల్లెలో ఆ తర్వాత కూడా నవాబు గద్దె 1948 దాకా నిలిచింది.

కథ స్కాట్లండ్‌లో మొదలవుతుంది. ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ అనే ప్రసూతి డాక్టరు 1847 నవంబరులో క్లోరోఫామ్ అనే తియ్యటి వాసనగల ద్రవాన్ని పీలిస్తే మనిషి బేహోష్ అవుతాడని చూపించాడు. అంతకుముందు ఆపరేషన్ అంటే నలుగురు పట్టుకుంటే ఒకరు కోయడమే. అందుకే ఈ దవా ఆగమేఘాల మీద ప్రపంచమంతా పాకింది. కానీ మూడు నెలలు తిరక్కముందే, 1848 జనవరి 28న, ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలి గోరు తీయించుకోవడానికి కుర్చీలో కూర్చుని, క్లోరోఫామ్ పీల్చిన కొన్ని నిమిషాల్లోనే ఇంతెఖాల్ అయింది. పెద్ద రోగమేమీ లేని పిల్ల. భయపడి ఏడుస్తూ కూర్చున్న పిల్ల. ఈ భయం అన్న మాటను మనసులో పెట్టుకోండి, దీని అవసరం ముందుంది.

తర్వాత అలాంటి మౌతులు ఒక్కొక్కటిగా వస్తూ పోయాయి. చిత్రమేమంటే అందులో చాలా వరకు పెద్ద ఆపరేషన్లు కావు. పన్ను పీకడం, గోరు తీయడం లాంటివి. మత్తు ఇంకా పూర్తిగా ఎక్కకముందే మనిషి తెల్లబడి, ఒక్కసారిగా పోయేవాడు. జాన్ స్నో అనే లండన్ డాక్టరు, కలరా నీళ్ల ద్వారా వస్తుందని చూపించిన ఆయనే, అలాంటి 50 మౌతులను ఒక్కొక్కటిగా పరిశీలించాడు. ఆ వివరాలతో ఆయన పుస్తకం 1858లో వచ్చింది. క్లోరోఫామ్ గాఢత ఎక్కువైతే దిల్‌నే కొడుతుందని ఆయన రాయ్. కాబట్టి లండన్ వాళ్లు నబ్జ్ మీద వేలు పెట్టి కూర్చోమన్నారు. ఎడిన్‌బరో వాళ్లు ఒప్పుకోలేదు. ముందు ఆగేది సాంస్, దిల్ కాదు, సాంస్ మీద నిగాహ్ పెడితే ఎవరూ చావరు, నబ్జ్ పట్టుకుని కూర్చుంటే ధ్యాస పక్కకు పోతుంది అన్నారు.

ఈ రెండో మాట మీద జాన్ పెట్టే శాగిర్దు ఒకడు 1885లో హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చాడు. పేరు ఎడ్వర్డ్ లారీ. ఎడిన్‌బరోలో సైమ్ అనే పేరు మోసిన సర్జన్ దగ్గర చదువుకున్నవాడు. హైదరాబాద్ మెడికల్ స్కూల్, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆయన చేతికొచ్చాయి. ఆ స్కూల్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. అది 1846లో మొదలైంది. అక్కడ విలాయతీ వైద్యాన్ని ఉర్దూలో నేర్పేవారు. శరీరం, నరాలు, నెత్తురు, దవాలు, అన్నీ ఉర్దూలోనే. తర్వాత అది ఇంగ్లీషుకు మారింది. మాతృభాషలో డాక్టరీ చదువు కుదిరేపని కాదని ఇప్పుడు టీవీల్లో వాదించేవాళ్లకు ఈ తారీఖ్ ఎవరైనా చెబితే బాగుండు.

నాకు ఇక్కడే ఒక విడ్డూరం కనిపిస్తుంది. హైదరాబాద్ అంటే హకీముల షెహర్. యునానీ తిబ్‌లో సగం ఇల్మ్ నబ్జ్ మీదే నడుస్తుంది. ఇబ్న్ సీనా దిల్‌కు పనిచేసే దవాల మీదే ప్రత్యేకంగా ఒక రిసాలా రాశాడు, నబ్జ్ మీద వేరుగా ఇంకొకటి రాశాడు. మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టనిదే నోరు విప్పని హకీమ్ సాబ్‌లున్న షెహర్‌లో, బేహోషీ ఇచ్చేటప్పుడు నబ్జ్ జోలికే పోవద్దు, ఛాతీ ఎగసిపడడం మాత్రం చూడండి అని పాఠం చెప్పిన డాక్టరు దొర లారీ.

తన మాట నిరూపించాలని లారీ 1888లో మొదటి కమిషన్ వేయించాడు. వీధికుక్కల మీద క్లోరోఫామ్ ప్రయోగించి, అన్నిట్లోనూ సాంస్ ముందు ఆగింది, దిల్ తర్వాత ఆగింది అని తేల్చారు. లండన్ నుంచి వచ్చే లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. అప్పుడు లారీ నిజాం దగ్గరికి పోయాడు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు అప్పటికి ఇరవై మూడేళ్లు. ఆయన పేరు చెబితే పాము విషం దిగుతుందని జనం నమ్మిన నవాబు. ఆ నవాబే, మీరే ఒక మాహిర్‌ను పంపించండి, మళ్లీ మీ కళ్ల ముందే చేయిస్తాం అని లాన్సెట్‌కు వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. తన డాక్టరు చెప్పిందే రైట్ అని ఫర్మానా ఇచ్చి ఊరుకోవచ్చు. అలా చేయకుండా, షక్ పడేవాడినే ఖర్చు పెట్టి పిలిపించాడు. ఇల్మ్ విషయంలో ఇది చిన్న సంగతి కాదని నా అభిప్రాయం.

లాన్సెట్ పంపింది థామస్ లాడర్ బ్రంటన్‌ను. ఈ మనిషి పేరు మన ఇళ్లల్లో తెలిసి ఉండాలి. ఇప్పుడు ఛాతీ పట్టేసినప్పుడు నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర ఉంది కదా, ఆ ఖాందాన్‌కు దాదా లాంటి దవా అమైల్ నైట్రైట్. అది పీలిస్తే గుండెనొప్పి నిమిషంలో దిగుతుందని 1867లో మొదట చూపించినవాడు బ్రంటన్. అప్పటికి ఆయనకు ఇరవై మూడేళ్లు. అంటే 1889 అక్టోబరులో హైదరాబాద్‌కు వచ్చిన మనిషి దిల్ దవాల్లో ఆ కాలపు ఉస్తాద్. పైగా వచ్చేటప్పుడు ఆయన లారీ పక్షం కాదు. క్లోరోఫామ్ దిల్‌ను ఆపగలదనే ఆయన ఖయాల్.

ఆ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రాత్రింబవళ్లు పనిచేశారు. బ్రంటన్, లారీ, బామ్‌ఫర్డ్, రుస్తుంజీ హకీమ్ కమిషన్ సభ్యులు. లారీ శిష్యురాలు రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ అమ్మాయి కూడా ఈ పనిలో ఉంది. 1885లో మెడికల్ స్కూల్‌లో చేరిన మొదటి ఆడపిల్లల్లో ఒకరు. 1889లో చదువు పూర్తిచేసి మత్తు ఇచ్చే పనిలోకి వచ్చారు. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు డాక్టర్లలో ఆమెను లెక్కిస్తారు.

కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్లు. నాలుగు వందలకు పైగా జంతువులు. దాహంతో ఉన్న కుక్కకు నీళ్లు తాగించినందుకే మగ్‌ఫిరత్ దొరికిందన్న హదీసు విన్నవాళ్లం, ఈ సంఖ్య చదివితే మనసు చివుక్కుమంటుంది. జంతువు మెడ దగ్గరి రక్తనాళానికి గొట్టం కలిపి, నెత్తురు ఒత్తిడి పెరిగినప్పుడల్లా పైకీ తగ్గినప్పుడల్లా కిందికీ ఒక ముల్లు గీత గీసే ఏర్పాటు చేశారు. సాంస్‌కు ఇంకో గీత. ఆ గీతలన్నిటికీ ఫోటోలు తీశారు. లోపల నెత్తురు ఎలా నడుస్తోందో బయట కాగితం మీద చూడ్డమన్న మాట. ఆ రోజుల్లో దిల్ తస్వీర్ అంటే అదే.

లండన్ వాళ్ల వాదనను పక్కకు నెట్టలేదు కూడా. క్లోరోఫామ్ కొంచెమే పట్టించి, జంతువు ఇంకా సగం హోష్‌లో ఉండగానే పళ్లు పీకారు, గోళ్లు తీశారు. సరిగ్గా మనుషులు చనిపోయిన ఆపరేషన్లే. ఒక్క జంతువుకు కూడా దిల్ హఠాత్తుగా ఆగలేదు. బ్రంటన్ మనసు మారింది. ఖతరా దిల్‌కు కాదు, ఎక్కువ మోతాదుకో ఊపిరి అందకపోవడానికో మాత్రమే అని లండన్‌కు టెలిగ్రామ్ కొట్టాడు. 1890లో లాన్సెట్ నివేదికను అచ్చువేసింది, 1891లో బొంబాయిలో పుస్తకంగా వచ్చింది. లారీ గెలిచాడు. హైదరాబాద్ పేరు ప్రపంచ వైద్య పత్రికల్లో మార్మోగింది.

కానీ మనుషులు చనిపోవడం ఆగలేదు.

సాంస్ మీద నిగాహ్ పెట్టమన్న లారీ పాఠం బేకార్ కాదు. మనిషి ఊపిరి బిగబట్టినా పెనుగులాడినా గుడ్డ తీసెయ్, గొంతు దారి మూసుకుపోనీయకు, మోతాదు పెంచుతూ పోకు అన్న ఆయన నియమాలు ఎందరినో కాపాడి ఉంటాయి. ఈ రోజు కూడా మత్తు డాక్టరు మొదటి పని ఊపిరి దారి చూడటమే. పొరపాటు ఆ సగం సచ్‌ను పూరా సచ్ అనుకోవడంలో ఉంది. క్లోరోఫామ్ దిల్ మీద నేరుగా పనిచేస్తుందని 1893లో కేంబ్రిడ్జ్‌లో గాస్కెల్, షోర్ తమ ప్రయోగాలతో చూపించి హైదరాబాద్ నివేదికను తప్పుపట్టారు. లారీ ఒప్పుకోలేదు.

అసలు గుట్టు 1911లో బయటపడింది. లండన్‌లో లెవీ, లూయిస్ అనే ఇద్దరు పిల్లుల మీద పనిచేశారు. ఈ ఇరవై ఏళ్లలో ఒక కొత్త పరికరం వచ్చింది. హాలండ్‌లో ఐంథోవెన్ తయారుచేసిన యంత్రం దిల్‌లో పుట్టే సన్నటి కరెంటును గీతగా రాసేది. అదే మన ఈసీజీ. లెవీ వాళ్లు చూసిందేమిటంటే, క్లోరోఫామ్ బాగా ఎక్కినప్పుడు కాదు, కొంచెమే ఎక్కినప్పుడు దిల్ తాళం తప్పుతోంది. ఆ సమయంలో అడ్రినలిన్ ఒంట్లోకి పోతే గుండె కింది గదులు కొట్టుకోవడం మానేసి వణకడం మొదలుపెడతాయి. పిండి పిసికే చెయ్యి ఆగిపోయి వేళ్లు మాత్రం వణికితే ఎట్లుంటుందో అట్లా. నెత్తురు బయటికి పోదు, కొన్ని నిమిషాల్లో ప్రాణం పోతుంది.

అడ్రినలిన్ యాడి నుంచి వస్తుంది? భయం నుంచి. భయపడ్డ మనిషి ఒంట్లో అది తనంతట తనే ఊరుతుంది. కుర్చీలో ఏడుస్తూ కూర్చున్న హన్నా గ్రీనర్ గుర్తొచ్చిందా? ఆ రోజు ఆ పిల్లకు అసలు ఏమైందో ఇప్పుడు ఎవరూ ఖచ్చితంగా తేల్చలేరు, కానీ లెవీ చెప్పిన దారికి సరిపోయే మౌత్ అది. తక్కువ దవా అంటే తక్కువ ఖతరా అని అందరూ అనుకుంటారు. ఈ దవా దగ్గర ఆ లెక్క తలకిందులైంది. భయపడుతోందని దయతలచి కొంచెం కొంచెంగా, ఆపి ఆపి పట్టించడమే ఎక్కువ ప్రమాదమైంది.

మరి హైదరాబాద్‌లో నాలుగు వందల జంతువుల్లో ఒక్కదానికీ ఎందుకు కనబడలేదు? నేను దీని గురించి చాలా ఆలోచించాను. ఒకటి లెక్క. మనుషుల్లో క్లోరోఫామ్ మౌతులు వేలల్లో ఒకటి. వేలల్లో ఒకసారి జరిగేది నాలుగు వందల్లో కనబడకపోవడం వింతేమీ కాదు. కనబడలేదంటే లేదని కాదు. రెండోది పరికరం. నెత్తురు ఒత్తిడి గీత, ఒత్తిడి పడిపోయిందని చెబుతుంది. దిల్ ఎందుకు పడిపోయింది, కొట్టుకోవడం ఆగిందా, తాళం తప్పి వణుకుతోందా అన్నది చెప్పదు. లండన్‌లో వాలర్ 1887లోనే మనిషి దిల్ కరెంటును గీయగలిగాడు, అంటే మొదటి కమిషన్‌కు ఏడాది ముందే. కానీ ఆయన పరికరం మందకొడిది, ఆపరేషన్ బల్ల దగ్గరికి తెచ్చే రకం కాదు. మూడోది మాత్రం మనిషి గుణం. లారీకి జవాబు ముందే తెలుసు, తజుర్బా దానికి గవాహీ కోసం పెట్టుకున్నాడు. ఆయన బేఈమాన్ కాదు. దిల్లోని యకీన్ కళ్ల ముందుకొచ్చి నిలబడింది, అంతే.

ఇప్పుడు నంద్యాల ఆసుపత్రి బయట బెంచీ దగ్గరికి వద్దాం. క్లోరోఫామ్ పోయింది. లివర్‌ను కూడా పాడుచేస్తుందని తేలాక మెల్లగా మూలపడింది. 1956లో హాలోథేన్ వచ్చింది. దానితో కూడా అడ్రినలిన్ దగ్గర జాగ్రత్త తప్పలేదు. ఇప్పటి మత్తు గ్యాసులు దిల్ తాళం విషయంలో చాలా మేలు. ఆపరేషన్ థియేటర్‌లో మత్తు డాక్టరు ముందున్న తెర మీద దిల్ గీత, సాంస్ గీత, వేలికి తగిలించిన క్లిప్పు చెప్పే ఆక్సిజన్ లెక్క, మూడూ పక్కపక్కనే నడుస్తాయి. లండన్ వాళ్లూ ఎడిన్‌బరో వాళ్లూ అన్నేళ్లు కొట్లాడుకున్న రెండు గీతలు ఒకే తెర మీద ఉన్నాయన్న మాట.

ముందే తీయించే ఈసీజీ దిల్ తాళం ఎలా ఉందో, పాత దెబ్బ ఏదైనా ఉందో చెబుతుంది. కానీ గుండె నాళాల్లో అడ్డు ఉన్నా కూర్చున్న మనిషి ఈసీజీ మామూలుగానే రావచ్చు. ఎకో దిల్ కదులుతుండగా చూపిస్తుంది. పంపింగ్ ఎంత ఉంది, వాల్వులు సరిగా మూసుకుంటున్నాయా అన్నది తెలుస్తుంది. చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్ల జ్వరం వచ్చి వాల్వు పాడైనా ఎవరికీ తెలియకుండా పెరిగి, కాన్పు సమయంలో ఆయాసంతో ఆసుపత్రికొచ్చే ఆడపిల్లలు మన వైపు ఉంటారు. వాళ్లకు ఎకో ఎంత అవసరమో చెప్పలేను. నాళాల్లో అడ్డు చూడాలంటే యాంజియోగ్రామ్. అందులో వాడే రంగు కిడ్నీలకు భారం, అందుకే షుగర్ మాత్రలు, కిడ్నీ సంగతి ముందే అడుగుతారు. ఏ పరికరమైనా తను చూడగలిగిందే చెబుతుంది. ఈసీజీ బాగుందని చెప్పాక కూడా ఛాతీలో బరువు, ఎడమ చేతికి లాగడం, చల్లచెమట ఉంటే రిపోర్టు చూపించి ఇంట్లో కూర్చోకూడదు. షుగర్ ఉన్నవాళ్లకూ ఆడవాళ్లకూ ఛాతీ నొప్పి లేకుండా వట్టి ఆయాసంగానో కడుపులో మంటగానో కూడా రావచ్చు.

మాత్రల సవాల్ దగ్గరే మనవాళ్లు ఎక్కువ దాస్తారు. స్టెంటు వేయించుకున్న చిచ్చా, నెత్తురు పలచబరిచే మాత్రలను ఆపరేషన్ ముందు ఎవరో చెప్పారని సొంతంగా మానేస్తాడు. స్టెంటు మూసుకుపోయే ఖతరా అందులోనే ఉంది. ఆపాలా వద్దా, ఎన్ని రోజులు అన్నది గుండె డాక్టరూ సర్జనూ మాట్లాడుకుని తేల్చాల్సిన సంగతి. కీళ్లనొప్పులకు ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర వేయించుకునే డైక్లోఫెనాక్ సూది సంగతి చెప్పరు. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు అది మంచిది కాదు. రంజాన్ వస్తే పొద్దున మాత్రలు సహర్‌కూ ఇఫ్తార్‌కూ సొంతంగా సర్దేసుకుంటారు. రెండు పూటల మాత్రలు ఇఫ్తార్‌లో ఒకేసారి మింగి తరావీహ్‌లో కళ్లు తిరిగి పడతారు. షాబాన్‌లోనే డాక్టరుకు చూపించుకుంటే ఆయనే రోజాకు తగ్గట్టు మార్చి రాస్తాడు, లేదా రోజా వద్దంటాడు. మరీజ్‌కు ఆ రుఖ్సత్ దీన్‌లోనే ఉంది.

ఇంకోటి, సిగ్గుపడి ఎవరూ చెప్పనిది. గోడల మీద రాసుండే మర్దానా తాకత్ దవాలు, పేరు లేని సీసాల్లో ఇచ్చే మాజూన్‌లు. దేశీ దవా అని అమ్మే ఇలాంటివాటిలో విలాయతీ మాత్ర సిల్డెనాఫిల్‌ను చాటుగా కలిపినట్టు అనేక దేశాల్లో మందుల తనిఖీ అధికారులు పట్టుకున్నారు. అది తిన్న మనిషికి గుండెనొప్పి వచ్చి, నాలుక కింద సార్బిట్రేట్ పెడితే, రెండూ కలిసి బీపీని పాతాళానికి లాగేస్తాయి. ప్రాణం కాపాడాల్సిన మాత్రే ప్రాణం తీసే ఖతరా ఉంది. బ్రంటన్ 1867లో తెచ్చిన దవా ఖాందాన్‌తో వచ్చిన ఎహతియాత్ ఇది. ఎమర్జెన్సీలో డాక్టరు పెద్దలను బయటికి పంపి చెవిలో ఈ సవాల్ అడిగితే, బేఅదబీ అనుకోవద్దు.

అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని 1908 మూసీ వరద ముంచేసింది. తర్వాత ఆ చోట లేచిందే ఉస్మానియా ఆసుపత్రి. రూపాబాయి 1909లో పైచదువుకు ఎడిన్‌బరో పోయి వచ్చారు. తిరిగొచ్చాక కూడా హైదరాబాద్ ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి మత్తు ఇచ్చారు. లారీ 1915లో పోయాడు, బ్రంటన్ 1916లో. లెవీ తన పిల్లుల లెక్కలు అచ్చువేసేనాటికి ఇద్దరూ బతికే ఉన్నారు. మహబూబ్ అలీ ఖాన్ కూడా సరిగ్గా ఆ సంవత్సరమే, 1911లో, ఇంతెఖాల్ అయ్యాడు. ఆయన ఇచ్చిన వెయ్యి పౌండ్లతో తయారైన ఆ లావుపాటి నివేదిక మాత్రం పాత వైద్య గ్రంథాలయాల్లో ఇప్పటికీ ఉంది, ముల్లు గీసిన ఆ గీతల బొమ్మలతో సహా.